నీటి క్రింది నగరము

కొండలను చూడబోవువారు సాధారణముగా కన్నులను నమ్ముకొని బయలుదేరుదురు. నాగార్జునకొండకు పోవువారికి మాత్రము చెవులును అంతగానే అవసరము. అచ్చట చూడదగిన దానిలో అధికభాగము కంటికి గోచరింపదు. తెలిసినవాడు చెప్పగా విని, మనస్సులో చూడవలసినదే.

పల్నాటి సీమలో నల్లమల కొండల నడుమ పూర్వము విశాలమైన లోయ యొకటి యుండెను. దానికి మూడు వైపుల కొండలు కోటగోడలవలె నిలువగా, నాలుగవ వైపున కృష్ణానది అగడ్తవలె ప్రవహించుచుండెను. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు ఈ లోయలోనే విజయపురి యను రాజధానిని నెలకొల్పి పాలించిరి. నేడా లోయ నాగార్జునసాగర జలాశయమై యున్నది. నాటి కొండ నీటి నడుమ ద్వీపమై నిలిచినది.

నీటిమట్టము అనుకూలించిన దినములలో గట్టునుండి యాత్రికులను లాంచీ కొనిపోవును. అట్టి యొక ప్రయాణమున పట్టణపు కుటుంబములు, పాఠశాల బాలబాలికలు, నరసరావుపేట ప్రాంతమునకు చెందిన వృద్ధ రైతొకడు కలిసి కూర్చుండిరి. కొంతదూరము పోయినంతనే మార్గదర్శి లేచి, “అయ్యలారా! అమ్మలారా! ఇప్పుడు మన క్రింద విజయపురి యున్నది” అనెను. అందరును తొంగిచూచిరి. పచ్చని నీరు తప్ప వేరేమియు కనబడలేదు. కొందరు నవ్వుకొనిరి. కాని అతడు చెప్పసాగిన పిమ్మట ఆ నవ్వులు తమంత తామే అణగిపోయినవి.

వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు వైదిక ధర్మమును అనుసరించి అశ్వమేధము చేసెను. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ భిక్షువుల కొరకు మహాచైత్యమును పోషించెను. ఒకే యింట అన్న యజ్ఞము చేయగా చెల్లెలు చైత్యమునకు దానము లిచ్చుట ఆనాటి వారికి విడ్డూరము కాలేదు. బోధిశ్రీ యను ఉపాసిక వేయించిన శాసనమున కాశ్మీర, గాంధార, చీన, సింహళ దేశముల పేర్లు కలవు. నలువైపుల మెట్ల వరుసలు గల ప్రదర్శనశాల యొకటి నడిబొడ్డున నుండెను. ఇట్టి నగరము కాలక్రమమున మరుగుపడి, శతాబ్దములు మట్టిక్రింద నిద్రించెను.

దానిని లోకమునకు తెలిపినవాడు రాజు గాడు, సేనాని గాడు. 1926వ సంవత్సరమున సూరపరాజు వేంకటరామయ్య యను బడిపంతులు అచ్చటి ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. శాసన శాఖకు చెందిన రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించి ఆ స్థలము విలువను గుర్తించెను. పిమ్మట త్రవ్వకములు సాగినవి. ఇంతలో కృష్ణకు ఆనకట్ట కట్ట నిశ్చయమయ్యెను. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసెను. లోయ మునుగుట తప్పదని తెలిసిన పిదప, 1954 మొదలు 1960 వరకు పురావస్తు శాఖవారు కాలముతో పందెము వేసి లోయనంతయు శోధించిరి. తొమ్మిది కట్టడములను విప్పి తెచ్చి కొండపై మరల కట్టిరి. మరి పదునాలుగింటికి ప్రతిరూపములు నిర్మించిరి. ప్రదర్శనశాల మున్నగువానిని కుడిగట్టున అనుపువద్ద పునర్నిర్మించిరి.

లాంచీ ద్వీపమును చేరెను. మెట్లెక్కి, పాత కోటగోడలను దాటి, యాత్రికులు 1966లో ప్రారంభమైన మ్యూజియమును ప్రవేశించిరి. జాతక కథలు చెక్కిన సున్నపురాతి పలకలను, నిలువెత్తును మించిన బుద్ధ విగ్రహమును చూచి ముందునకు నడచిరి. ఒకచోట మునిగిన లోయ నమూనా యున్నది. అందు కొండలు, నది, విహారములు చిన్నచిన్నవిగా అమర్చబడియున్నవి. తాము దేనిపై పయనించి వచ్చిరో అచ్చట వారికి తేటతెల్లమయ్యెను.

ఒక బాలిక దానిని చాలసేపు చూచి, “ఇంత గొప్ప నగరమును నీట ముంచుట న్యాయమేనా అండీ?” అని మార్గదర్శి నడిగెను. అతడు, “ఇక్కడికి వచ్చిన పెద్దలు పలువురు ఇదే ప్రశ్న వేయుదురమ్మా! నగరము మాట అటుంచుము. ఈ లోయలో పుల్లారెడ్డిగూడెమను పల్లె యుండెను. దానిలోనివారు తమ యిండ్లను, పొలములను విడిచి వెడలిరి. రాళ్లను తెచ్చి యిక్కడ నిలుపగలిగిరి గాని, ఆ యూరిని తెచ్చి నిలుపగలిగినవారు లేరు” అనెను.

అంతవరకు మౌనముగా నున్న వృద్ధుడు దగ్గరకు వచ్చి, “తల్లీ! కాలువ రాక మునుపు మాది వానకై ఎదురుచూచు నేల. మొయిలు పట్టినయేడు గింజలు, పట్టనియేడు వలసలు. కాలువ వచ్చిన పిమ్మట మా తండ్రి వరి నాటెను. ఆ బియ్యము తినియే నేను పెరిగితిని. ఈ నీరు మాకెంత మేలు చేసెనో యెరుగుదును. దీనికి మరెవరు వెల చెల్లించిరో నేడు తెలిసినది” అనెను. బాలిక ఇంకేమియు అడుగలేదు. మార్గదర్శియు తొందరపెట్టక కొంతసేపు ఊరకుండెను.

1967 ఆగస్టు 4వ తేదీన ప్రధాని ఇందిరాగాంధీ కాలువలలోనికి నీరు విడిచెను. కుడి కాలువకు జవహర్, ఎడమ కాలువకు లాల్ బహదూర్ అను పేర్లు కలిగినవి. గుంటూరు, పల్నాడు, నల్లగొండ, ఖమ్మము సీమలలోని పొలము లెన్నియో ఆ నీటివలన పండుచున్నవి. ఒక మేలు కొరకు మరియొక మేలును వదలుకొనవలసి వచ్చినపుడు, వదలుకొన్నదానిని మరువకుండుట మనుష్యధర్మము. ఆ ధర్మమును నెరవేర్చుటకే కొండమీద ఆ రాళ్లు నిలువబడినవి.

విహారయాత్రలలో మార్గదర్శి మాటలను పెడచెవిని పెట్టి, ఛాయాచిత్రములతో తృప్తిపడి మరలువారు కలరు. అట్టివారు చూచునది నీరును కొండయు మాత్రమే. విని, ప్రశ్నించి, ఆలోచించువారికి అదే స్థలమున ఒక రాజధానియు, ఒక పల్లెయు, పచ్చని పొలములును కానవచ్చును.