నిండుకున్నాయి!

‘నాయనమ్మా... ఫినీతో!’ ఫోన్లో మనవడి కేక. అవతల ఇటలీలోని మిలాన్. ఇవతల గోదావరి ఒడ్డున, అడవి అంచున బూర్గంపాడు. ‘అదేం మాటరా?’ అందావిడ. పరీక్షలు అయిపోయాయని అర్థమట.

‘ఫినీరే’ అంటే ముగించడం. దాన్నుంచి వచ్చిందే ఫినీతో. ‘ఓ ఫినీతో’ అంటే పని ముగించాను. ‘ఇల్ పానే ఎ ఫినీతో’ అంటే రొట్టె అయిపోయింది. ‘సోనో ఫినీతో’ అంటే ఇక నా పని అయిపోయినట్టే! మగవాళ్లు అలా అంటే, ఆడవాళ్లు ‘సోనో ఫినీతా’ అంటారు. మన ‘అయిపోయింది’ కూడా ఈ మూడు చోట్లా చక్కగా సరిపోతుంది. తెలుగుని ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అనేది మాటల చివర అచ్చులు పలుకుతాయని. పోలిక అక్కడితో ఆగలేదన్నమాట.

కానీ నాయనమ్మ దగ్గర అన్నిటికీ ఆ మాట చెల్లదు. వయసులో ఉన్నప్పుడు ఎండాకాలం తునికాకు కోసి, యాభై ఆకులొక కట్ట కట్టి, కల్లంలో అప్పజెప్పి వచ్చాక ‘అమ్మయ్య, అయిపోయింది’ అనేది. దీపం మాత్రం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. చిన్నప్పుడు మనవడు నోరుజారి ‘బియ్యం అయిపోయాయి’ అంటే నెత్తిన ఒక్కటి మొట్టేది. డ్రమ్ము ఖాళీగా ఉంటే నిండటమేంటని వాడి వాదన. లేమిని లేమి అనకపోవడంలో ఎంత పౌరుషం ఉందో ఆ వయసులో ఏం తెలుస్తుంది!

మనవడు ఇంకో మాటా నేర్పాడు. అక్కడ ‘ఇక చాలు’ అనడానికి ‘బస్తా’ అంటారట. ‘బియ్యం బస్తానా?’ అని ఆవిడ పడీపడీ నవ్వింది. అప్పట్నుంచి ఫోన్ పెట్టేసేముందు ‘సరే, బస్తా’ అనడం ఇద్దరికీ అలవాటైంది.

అది 2022 జులై. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి. 16వ తేదీన గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చిన తర్వాత అంత నీరు చూడటం అదే. ఒంటిమీది చీరతో, చేతిసంచితో నాయనమ్మ పునరావాస కేంద్రానికి చేరింది. ఫోన్లో ఛార్జింగ్ లేదు. మిలాన్‌లో మనవడికి నిద్ర లేదు.

నీరు తీశాక ఇంటికెళ్లింది. గోడ మీద తన తల కంటే పైన బురద చార. వంటింట్లో బియ్యం డ్రమ్ము ఒరిగిపోయి ఉంది. మూత లేదు. ఒండ్రుమట్టి అంచుదాకా కూరుకుపోయింది.

సాయంత్రానికి ఫోన్ కలిసింది. ‘ఇల్లెట్లా ఉంది? బియ్యం ఉన్నాయా?’ అన్నాడు మనవడు.

‘నిండుకున్నాయిరా’ అంది.

ఈసారి వాదించలేదు వాడు. కాసేపటికి, ‘రేపే డబ్బులేస్తా. ముందు ఓ బస్తా తెప్పించుకో’ అన్నాడు.

‘ఏ బస్తారా... నీదా, నాదా?’ అంటూ ఆవిడే ముందు నవ్వింది.