అంట్లు నేను తోముకుంటాలే

ఆడపిల్ల కాగితం, కలం పట్టుకుని కూర్చుంటే మనకెందుకో చూస్తూ ఊరుకోబుద్ధి కాదు. "ఆ రాతలెక్కడికీ పోవు, ముందా అంట్లు తోమిరా" అంటాం. మొన్న ఆదివారం మా అమ్మాయిని నేనూ అన్నాను. నేనేమో నవలలు రాసే మనిషిని! సరిగ్గా మర్నాడే గ్వెండొలిన్ బ్రూక్స్ అనే అమెరికన్ కవయిత్రి జీవితం చదవడం తటస్థించింది. చదువుతున్నంతసేపూ ఎవరో నా చెవి మెలిపెడుతున్నట్టే ఉంది సుమండీ.

ఆవిడ 1917లో పుట్టింది. నల్లజాతి పిల్ల. నెలన్నర పసిగుడ్డుగా చికాగో చేరి, జీవితమంతా అక్కడే గడిపింది. తండ్రి డాక్టరు కావాలనుకున్నాడు. చివరికి ఒక కంపెనీలో ఊడ్చి తుడిచే పనిలో కుదురుకున్నాడు. తల్లి కెజియా పెళ్ళికి ముందు బడిపంతులమ్మ. ఏడేళ్ళ కూతురు ప్రాసలు కలిపి ఏదో రాసుకొస్తే ఆ తల్లి మురిసిపోయి ఊరుకోలేదు. పిల్ల రాసుకోవాలని ఇంటిపని చాలావరకు తప్పించి తన నెత్తిన వేసుకుంది. తండ్రి సొరుగులున్న రాతబల్ల ఇచ్చాడు. మన ఇళ్ళల్లో అలాంటి బల్ల ఉంటే అది ఎవరిదో వేరే చెప్పాలా? పదమూడో ఏట ఆ పిల్ల కవిత ఒక పిల్లల పత్రికలో అచ్చయింది.

1939లో పెళ్ళయింది. ఇహ అంట్లు తనవే. ఆ రోజుల్లో నల్లవాళ్ళకి ఊళ్ళో అన్నిచోట్లా ఇళ్ళు అద్దెకిచ్చేవారు కాదు. వాళ్ళుండే పేటల్లో పెద్ద ఇళ్ళని ఒక్కో గది చొప్పున వాటాలు చేసి అద్దెకిచ్చేవారు. అందరికీ కలిపి ఒకే స్నానాలగది. అక్కడి బతుకుల మీదే 1945లో ఆవిడ మొదటి పుస్తకం వచ్చింది. అందులో ఒక కవిత ఉంది: ఉల్లిపాయల ఘాటులో, వేపుళ్ళ వాసనలో కల అనేది బతుకుతుందా అని ఆలోచన మొదలవుతుంది, ఇంతలో స్నానాలగది ఖాళీ అవుతుంది. అంతే, కల మాట మరిచి గోరువెచ్చని నీళ్ళ మీదికి పోతుంది మనసు! వాటా ఇళ్ళలో కాపురం చేసినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పాలా?

కవిత కావాలంటే కిటికీలోంచి చూస్తే చాలు అనేదావిడ. భర్త హెన్రీ బ్లేక్లీ కూడా కవే. ఒకే వాటాలో ఇద్దరు కవులు! కరెంటు బిల్లు ఎవరు కడతారు చెప్పండి? 1950లో పులిట్జర్ బహుమతి వచ్చిందని పత్రికవాళ్ళు ఫోను చేసేసరికి ఇల్లంతా చీకటి. బిల్లు కట్టక కరెంటు తీసేశారు. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆవిడే. మర్నాడు ఫొటోలు తీసేవాళ్ళొచ్చి ప్లగ్గు పెడుతుంటే ఆవిడ గుండె దడదడలాడిందిట. ఎలా వచ్చిందో, లైటు వెలిగింది!

'మాడ్ మార్తా' అనే చిన్న నవల కూడా 1953లో రాసింది. అందచందాలు లేవనుకునే ఒక ఇల్లాలి కథ. బోనులో పడ్డ ఎలుకని ఆ ఇల్లాలు వదిలేసే ఘట్టం నాకెంతో ఇష్టం. అంత చిన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదే అని కాస్త అసూయ కూడా.

1968 నుంచి 2000లో కన్నుమూసేదాకా ఆవిడ ఇలినాయ్ రాష్ట్ర ఆస్థానకవి. కవితలు రాసిన బడిపిల్లలకి తన చేతి డబ్బుతో బహుమతులిచ్చేది. తల్లి ఋణం అలా తీర్చుకుంది కాబోలు.

ఈ ఆదివారం అంట్లు నేనే తోముకున్నాను. మా అమ్మాయి లోపల ఏదో రాసుకుంటోంది. కవితో, నామీద స్నేహితురాలికి ఫిర్యాదో, నేను అడగలేదు.