డ్యూస్‌బర్గ్ మైదానంలో ఒక సాయంకాలం

గత సంవత్సరం మే నెలలో మా రెండవ కుమారుని వద్ద కొన్నాళ్ళు గడపటానికి మేము, మా ఇంటివారు జర్మనీ వెళ్ళాము. అతను డ్యూస్‌బర్గ్ నగరంలో చదువుకుంటున్నాడు. రైను, రూర్ నదులు కలిసే చోట వెలసిన ఊరు అది. ఉక్కు, బొగ్గు, ఓడరేవు - ఈ మూడింటి ఆధారంగా పెరిగింది. కర్మాగారాలలో పనికై వచ్చిన తుర్కీ కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. మార్క్స్‌లోహ్ పేటలో 2008లో ప్రారంభమైన విశాలమైన మస్జిద్‌లో మేము జుమా నమాజులు చేశాము. తుర్కీ ప్రసంగం అర్థం కాలేదు గానీ, నమాజు తర్వాత చిన్న గాజు గ్లాసులలో ఇచ్చే టీకి భాషతో పని లేకపోయింది.

ఆటల గురించి వ్రాయటానికి మాకు అర్హత లేదని ముందే ఒప్పుకుంటున్నాము. అసర్ తర్వాత బంతి పట్టుకుని వెళ్ళిన పిల్లలు మగ్రిబ్ అజాన్ వినబడినా ఇల్లు చేరరని ఫిర్యాదు చేసే వర్గానికి చెందినవారము మేము. అయితే మా అబ్బాయి వారానికి రెండు సాయంత్రాలు తమ పేటలోని చిన్న క్లబ్బులో పసిపిల్లల ఫుట్‌బాల్‌కు సాయం చేస్తున్నాడు. "ఒక్కసారి వచ్చి చూడండి అబ్బాజాన్" అని పట్టుబట్టాడు. వెళ్ళాము.

మేము ఊహించుకున్న పెద్ద మైదానం, రెండు గోలుపోస్టులు, పదకొండు మంది చొప్పున రెండు జట్లు అక్కడ కనిపించలేదు. పచ్చిక మీద మన వాకిలికి మించని చిన్న గళ్ళు గీసి ఉన్నాయి. ఒక్కొక్క గడిలో మోకాలెత్తు గోళ్ళు నాలుగు. ఆరేడేళ్ళ పిల్లలు ముగ్గురికి ముగ్గురు ఆడుతున్నారు. గోల్‌కీపరు లేడు. ఎవరు గోలు కొట్టినా ఇరువైపులా ఒక్కొక్కరు బయటికి వచ్చి, వేచి ఉన్నవారు లోపలికి వెళతారు. గెలిచినవారు పక్క గడికి, ఓడినవారు ఇటు గడికి జరుగుతారు. 2024 నుండి జర్మనీ అంతటా పసివాళ్ళ ఆట ఇలాగే జరగాలని వారి ఫుట్‌బాల్ సంఘం నియమం చేసిందట. బలవంతులైన నలుగురు ఆడుతుంటే మిగిలినవారు గట్టు మీద కూర్చుని చూసే పద్ధతి పోవాలన్నది దాని ఉద్దేశం.

ఆ గళ్ళ మధ్య ఒక నడివయసు మనిషి నోటుపుస్తకం పట్టుకుని తిరుగుతున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పడు. చూస్తాడు, వ్రాసుకుంటాడు. ఎవరని అడిగాము. పోర్చుగల్‌లోని ఒక చిన్న పట్టణంలో బడిపిల్లలకు ఆట నేర్పే శిక్షకుడట. ఐరోపా సమాఖ్య వారి ఎరాస్మస్ ప్లస్ పథకం విద్యార్థులను పొరుగు దేశాలకు పంపుతుందని చాలామందికి తెలుసు. 2023 నుండి చిన్న క్లబ్బుల శిక్షకులకు కూడా ఆ అవకాశం ఇచ్చారు. రెండు రోజుల నుండి రెండు వారాల వరకు మరొక దేశపు శిక్షకుని వెంట నీడలా ఉండి, అతని పనిని గమనించవచ్చు. జాబ్ షాడోయింగ్ అని దానికి పేరు. ఉపన్యాసాలు లేవు, పరీక్ష లేదు.

ఆట ముగిశాక అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. అతిథికి జర్మన్ రాదు, ఇంటివారికి పోర్చుగీసు రాదు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. మా అబ్బాయి మాకు చెవిలో అర్థం చెబుతున్నాడు. పుస్తకంలో ఆటలోని ఎత్తుగడలు ఉంటాయనుకున్నాము. లేవు. పిల్లవాడు బంతి పోగొట్టుకున్నప్పుడు ఇక్కడి శిక్షకుడు ఎంతసేపు మౌనంగా ఉన్నాడో వ్రాసుకున్నాడు. తన ఊరిలోనైతే తాను ఆ క్షణంలోనే కేకవేసి సరిదిద్దేవాడినని, పిల్లవాడు తనంతట తాను సరిదిద్దుకునే వ్యవధిని తానే లాక్కుంటున్నానని ఇక్కడికి వచ్చాకే తెలిసిందని అన్నాడు.

అప్పుడు ఇంటి శిక్షకుడు అడిగాడు: "నా దగ్గర ఏమి లోపం చూశావు?"

అతిథి కాస్త తటపటాయించి పుస్తకం తిప్పాడు. ఆ గంటలో శిక్షకుడు పేరు పెట్టి పిలిచిన ప్రతిసారీ ఒక గీత గీశాడట. ముగ్గురు చురుకైన పిల్లల పేర్లకు ఎదురుగా గీతలు బారులు తీరి ఉన్నాయి. ఎర్ర చొక్కా పిల్లవాడి ఎదుట ఒక్కటీ లేదు. అతని పేరు ఏమిటో అతిథికి ఆ రోజంతా వినబడలేదు.

శిక్షకుని ముఖం కందిపోయింది. పన్నెండేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. కోపగించుకుంటాడనుకున్నాము. అతను ఆ పుటను తన ఫోనులో ఫోటో తీసుకున్నాడు. మాకు గొంతు తడారింది. మేము ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాము. ఈ ముప్ఫై ఏళ్ళలో మరొకరి తరగతిలో మేము కూర్చోలేదు, మా తరగతిలో మరొకరిని కూర్చోనివ్వలేదు.

బయలుదేరుతుండగా ఆ శిక్షకుడు, ఈ ఊరికి ఇటువంటి అతిథులు కొత్త కాదని, వెడావు చూడమని చెప్పాడు. ఆదివారం వెళ్ళాము. నగరానికి దక్షిణాన సరస్సు, చెట్లు, పడవ పందేల నీటి బాట, వాటి చెంత క్రీడా పాఠశాల. 1960లో జపాను జట్టు ఇక్కడికి వచ్చింది. అప్పటి శిక్షకుడు డెట్మార్ క్రామర్. అదే సంవత్సరం ఆయన జపాను వెళ్ళి, ఆటగాళ్ళతోపాటే బస చేసి, వారితోపాటే తిని, బంతిని ఆపటం, అందించటం వంటి మొదటి పాఠాల నుండి నేర్పారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో జపాను కాంస్యం గెలిచే నాటికి ఆ జట్టు శిక్షకులు జపానీయులే, నగనుమ, ఒకనో. ఆయన వెంట ఉండి పని నేర్చుకున్నవారు.

సరస్సు ఒడ్డున కూర్చుని ఇది వింటుంటే మాకు మన హైదరాబాదు గుర్తుకు వచ్చింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ బడిపంతులు. ఆయన భారత జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో అదే దేశం నాలుగవ స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దారిలో జపానును 2-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి సంవత్సరం జూన్‌లో క్యాన్సర్ ఆయనను తీసుకుపోయింది. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు చివరిసారి ఆడింది 1960లో, ఆయన హయాంలోనే.

జకార్తాలో ఆయన వద్ద ఆడిన పి.కె. బెనర్జీ 1969లో జపానుకు వెళ్ళారు. ఈసారి విద్యార్థిగా. ఆసియా శిక్షకుల కోసం క్రామర్ చిబాలో నడిపిన తరగతులలో కూర్చున్నారు. ఏడేళ్ళ క్రితం తాము ఓడించిన దేశానికి నేర్చుకోవటానికి వెళ్ళటం మనసుకు ఎంత బరువో ఊహించుకోవచ్చు. 1970లో బ్యాంకాక్‌లో హైదరాబాదు నయీముద్దీన్ నాయకత్వంలోని మన జట్టు జపానునే 1-0తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ జట్టు శిక్షణలో బెనర్జీ పాలుపంచుకున్నారు.

మేము కర్నూలు తిరిగి వచ్చాక, మా మద్రసాలో అరబీ వ్యాకరణం చెప్పే యువ ఉపాధ్యాయుణ్ణి అడిగి, అతని తరగతిలో వెనుక వరుసలో కూర్చున్నాము. పిల్లలు పాఠం మాని మమ్మల్నే చూశారు. రెండవ రోజుకు మమ్మల్ని మరచిపోయారు. క్రియారూపాలను అతను వేళ్ళ మీద లెక్కించి చెప్పే తీరు మాకు ఇంతకుముందు తోచలేదు. వ్రాసుకున్నాము.

పాఠం అయ్యాక అతను వచ్చి, "హజ్రత్, ఏమి చూశారు?" అన్నాడు. చెప్పాము. కాసేపు నిలబడి, "మరి నేను మీ తరగతికి రావచ్చా?" అని అడిగాడు.

శనివారం రమ్మన్నాము. మా తరగతిలో వెనుక వరుస పిల్లలు తొమ్మిది మంది. హాజరు పట్టీ చూడకుండా ఇప్పటికి ఆరుగురి పేర్లు వచ్చాయి.