"ఏం కాలే" అన్న మాట

సంక్రాంతి నాలుగు రోజులుందనగానే మా వైపు ఇళ్ళల్లో బియ్యం నానబోస్తారు. తడిపిండిలో నువ్వులు, ఓమ కలిపి, పాత చీర పరుచుకుని, వాడకట్టులోని ఆడవాళ్ళమంతా చుట్టూ కూర్చుని సకినాలు చుడతాం. అత్తాకోడళ్ళ తగాదాలూ, పెళ్ళి సంబంధాలూ అన్నీ ఆ చీర చుట్టూనే తేలిపోతాయి.

మగపిల్లలకు మాత్రం పండగంటే కబడ్డీయే. పాలకుర్తికి దగ్గర్లోనే మా ఊరు. ప్రతి ఏడూ పండగ సెలవుల్లో బడి మైదానంలో చుట్టుపక్కల ఊళ్ళ జట్లకు పోటీలు పెడతారు. మొరం నేల మీద నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీస్తారు. టీవీలో చూపించే మెత్తటి మ్యాట్లు మాకెక్కడివి? మా ఇల్లు ఆ మైదానం గోడకు ఆనుకునే ఉంటుంది కనుక, ఆడే పిల్లలకు మంచినీళ్ళూ, చాయ్, సకినాలూ పంపడం నా వంతు.

2023 కనుమనాటి సంగతి ఇది. మా అబ్బాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. జట్టులో ఎడమ మూల నిలబడి, కూతకొచ్చినవాడి కాలు పట్టడం వాడి పని. అవతలి జట్టులో కూతకొచ్చే పిల్లల్లో గట్టివాడు పక్క ఊరి అబ్బాయి, డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ళమ్మ వరసకు నాకు వదినె అవుతుంది. ఆ పిల్లవాడు నన్ను "అత్తా" అని పిలుస్తాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ దోస్తులే.

సాయంత్రం ఐదు గంటలప్పుడు నేను సకినాల పళ్ళెం పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. ఆ అబ్బాయి కూతకు వచ్చాడు. మా వాడు కాలు దొరకబట్టాడు, వెనక నుంచి ఇంకొకడు నడుం పట్టి లాగాడు. వెల్లకిలా పడ్డాడు పిల్లవాడు. తల నేలకు తగిలిన చప్పుడు నాకు గోడ దాకా వినిపించింది. రెండు మూడు క్షణాలు కదల్లేదు. ఎవరో ముఖాన నీళ్ళు కొట్టారు. లేచి కూర్చుని "ఏం కాలే" అన్నాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తరువాత జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాడు లేచి వెళ్ళి మా పిల్లల మధ్య నిలబడ్డాడు. తన జట్టు ఏదో తెలియనట్టు! మా అబ్బాయి భుజం పట్టుకుని అటువైపు తిప్పాడు. అందరూ విరగబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఐదు నిమిషాలు కాకుండానే మళ్ళీ కూతకు వచ్చాడు, మళ్ళీ పడేశారు. ఆట అయ్యాక సకినం చేతికిస్తే తినకుండా అట్లాగే పట్టుకుని, "అత్తా, ఎవరు గెలిచిండ్రు?" అని అడిగాడు. చెప్పాను. రెండు నిమిషాలాగి మళ్ళీ అదే అడిగాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని, "మీరే గెలిచిండ్రు పో" అన్నాను.

రాత్రి పది గంటలకు ఫోన్. మూడుసార్లు వాంతి చేసుకున్నాడట, లేపితే సరిగ్గా లేవడం లేదట. మా ఆయన జీపు మాట్లాడి, వాళ్ళతో పాటు బయలుదేరాడు. వరంగల్ చేరేసరికి పన్నెండు దాటింది. స్కాన్ తీసి, ఆ రాత్రే తలకు ఆపరేషన్ చేశారు.

పిల్లవాడు దక్కాడు. ముందే ఆ మాట చెబుతున్నాను, మీరు కంగారు పడకుండా.

హైదరాబాదులో ఫిజియోథెరపీ చదువుతున్న మా పెద్దమ్మాయి పండక్కి ఇంట్లోనే ఉంది. తెల్లవారి నాకు విడమరచి చెప్పింది. పుర్రె ఎముక చిట్లి దాని కింది రక్తనాళం తెగితే, ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుందట. చాలామంది మొదట కాస్త సొమ్మసిల్లి, మళ్ళీ లేచి, కొన్ని గంటలు మామూలుగానే మాట్లాడతారట. లోపల గడ్డ పెద్దదై మెదడును నొక్కేదాకా పైకి ఏమీ తెలియదట. లేచి నడిచాడు కదా అనుకుంటే అంతే సంగతులు.

ఎముక చిట్లకపోయినా ప్రమాదం లేదనడానికి లేదు. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ళు చప్పుడవుతాయి చూడండి, మెదడు కూడా పుర్రెలో నీటిలోనే ఉంటుంది. తల విసురుగా ఊగినా అది అదిరిపోతుంది. దీన్నే కంకషన్ అంటారు. స్పృహ తప్పనక్కర్లేదు, పైన బొప్పి కట్టనక్కర్లేదు, స్కాన్‌లో కూడా కనిపించదు. అడిగిందే అడగడం, కళ్ళు మసకలు, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, ఇవే గుర్తులు. ఇవన్నీ నేను కళ్ళారా చూసి నవ్వినవే!

"రగ్బీ అని ఒక ఆట ఉందమ్మా, అందులో దీనికి పెద్ద పట్టింపు" అంది మా అమ్మాయి. మన ఊళ్ళల్లో రగ్బీ ఎవరికి తెలుసు? గుడ్డు ఆకారంలో బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి అవతలివాళ్ళు మీదపడి పడేస్తారు. కూత ఒకటి లేదు గానీ, చూస్తే మన కబడ్డీకి పెద్దన్నలాగే ఉంది. 2003లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులో స్టీవ్ థాంప్సన్ అనే ఆయన ఆడాడు. నలభై రెండేళ్ళ వయసులో, 2020లో, తనకు మతిమరుపు జబ్బు వచ్చిందని బయటపెట్టాడు. కప్పు గెలిచిన సంగతే ఆయనకు గుర్తు లేదట! ఏళ్ళ తరబడి తలకు తగిలిన దెబ్బల ఫలితమన్నారు. మరింత ఘోరం ఉత్తర ఐర్లండులో జరిగింది. 2011లో ఒక పధ్నాలుగేళ్ళ బడిపిల్లవాడు తలకు దెబ్బ తగిలాక కూడా అదే ఆటలో కొనసాగి, మళ్ళీ దెబ్బలు తిని చనిపోయాడు. మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే రెండోది తగిలితే, అది చిన్నదైనా ప్రాణం తీయగలదట.

ఇప్పుడు రగ్బీలో అనుమానం వస్తే చాలు, ఆ పూటకు బయటికి పంపాలంటున్నారు. పట్టేవాడి మీదా బాధ్యత పెట్టారు. భుజాలకు పైన పట్టకూడదు, తలకు ప్రమాదకరంగా తగిలించినవాణ్ణి ఎర్రకార్డు చూపి పంపించేయవచ్చు. ఇంగ్లండులో 2023 నుంచి ఊళ్ళల్లో ఆడే ఆటల్లో రొమ్ము ఎముకకు కిందనే పట్టాలన్నారు.

అంత దూరం ఎందుకు, మన క్రికెటర్ రమణ్ లాంబా సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా నిలబడితే బంతి తలకు తగిలింది. తన కాళ్ళ మీద తానే మైదానం బయటికి నడిచి వెళ్ళాడు. మూడు రోజులకు పోయాడు. 2019 ఆగస్టు నుంచి క్రికెట్లో, ఇలా మెదడు అదిరినవాడి బదులు ఇంకొకణ్ణి ఆడించుకునే వీలు ఇచ్చారు. వాణ్ణి కూర్చోబెడితే జట్టుకు నష్టం ఉండదన్నమాట. మా ఊరి పోటీలకు ఇదే కావలసిందని నాకనిపించింది.

కబడ్డీకి నియమాలు లేవని కాదు. కూతకొచ్చినవాడి నోరు మూయకూడదు, గొంతు నొక్కకూడదు, కాళ్ళతో కత్తెర వేయకూడదు, గాయపడేలా మొరటుగా పట్టకూడదు. అన్నీ ఫౌల్సే. ఆ రోజు మా పిల్లలు వీటిలో ఒక్కటీ చేయలేదు. పట్టు న్యాయమైన పట్టే. అందుకే ఊళ్ళో అందరూ "ఆటలో తగిలింది, ఎవరేం చేస్తరు" అన్నారు. నేనూ అదే అనుకుని మనసు కుదుటపరచుకున్నాను.

మా అబ్బాయి మాత్రం మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు నేను రొట్టెలు చేస్తుంటే వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, వానికి బాగలేదని నాకు ఎరుకనే."

నేను రొట్టె తిప్పడం మరిచిపోయాను.

"లేచినంక నా చెవుల చెప్పిండు, మసక మసకగ కనవడుతున్నది, ఎవరికీ చెప్పకురా అని. మళ్ల కూతకొచ్చినప్పుడు వాని కండ్లు నా మీద లేవు. ఎటో చూస్తుండు. ఇగ సులువుగ దొరుకుతడనుకున్న. మళ్ల వట్టిన."

కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చేయలేదు. ఏ మొహంతో కొట్టను? చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయి ఏడుస్తూ వస్తే "మగపిల్లవానివి, ఏడుస్తవా? ఏం కాలే, పో" అని పసుపు అద్ది పంపించింది నేనే. ఏం కాలే అనే మాట ఈ పిల్లలిద్దరూ ఎక్కడ నేర్చారో వేరే వెతకాలా?

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, వాణ్ణి వెంటబెట్టుకుని పక్క ఊరికి వెళ్ళాను. దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను, ఈ మాట చెప్పి తీరాలా అని. బిడ్డ దక్కాడు కదా, చెబితే రెండిళ్ళ మధ్య మాటలు పోతాయేమో అని. పోయేముందు మా ఆయన కూడా "ఊకో, ఎందుకు కెలుకుడు" అన్నారు. పిల్లవాడు గుండు మీద కుట్లతో చీకటిగదిలో పడుకుని ఉన్నాడు. వెలుతురు పడితే నొప్పట. మా వాడు గుమ్మంలోనే నిలబడి, తల వంచుకుని, నాకు చెప్పిందంతా వాళ్ళమ్మకూ చెప్పాడు. నేను ఒక్క మాట కలపలేదు.

వదినె చాలాసేపు మాట్లాడలేదు. కొంగుతో పిల్లవాడి మంచం పట్టె తుడుస్తూ కూర్చుంది. చివరికి, "ఇంటికొచ్చినంక బువ్వ వద్దు, తలకాయ నొస్తున్నది అన్నడు. అలిసిపోయినవ్ బిడ్డా, పండుకో అన్న. నొప్పిగోలీ గూడ నేనే ఏసిన" అంది.

తలకు దెబ్బ తగిలాక మనంతట మనం నొప్పి బిళ్ళలు వేయకూడదని అప్పుడు నాకూ తెలియదు. కొన్ని రకాలు లోపల రక్తం కారడాన్ని పెంచుతాయట. నిద్ర పోనివ్వకూడదని కాదు, ఒంటరిగా వదలకూడదు. ఆ ఒక్క రోజూ మధ్యమధ్య లేపి పేరూ ఊరూ అడగాలి. వాంతులు, ముదిరే తలనొప్పి, మత్తు, మాట తడబాటు, మూర్ఛ, చెవిలోంచో ముక్కులోంచో నీరో రక్తమో రావడం, వీటిలో ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేయాల్సిందే.

ఆ పిల్లవాడు ఆ ఏడు పరీక్షలు రాయలేదు. తరువాతి ఏడు రాశాడు. ఇప్పటికీ బస్సులో దూరం పోతే తల నొస్తుందంటాడు. కబడ్డీ మానేశాడు గానీ, మా ఇంటికి రావడం మానలేదు.

2024 సంక్రాంతికి మా వాడే జట్టుకు కెప్టెన్. తల నేలకు తగిలినవాడు ఆ రోజుకు ఇక ఆడకూడదు, వాడి బదులు ఇంకొకరు దిగవచ్చు అని ముందే రెండు జట్లనూ ఒప్పించాడు. చివరి ఆటలో మా జట్టు పిల్లవాడే పడ్డాడు, మంచి ఊపు మీద ఉన్నవాడు. లేచి "ఏం కాలే" అన్నాడు. మా వాడు చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి, నా దగ్గరికి తీసుకొచ్చాడు. జనం కేకలు. "పొద్దున ఏం తిన్నవ్ కొడుకా?" అని అడిగాను. "ఉప్మా" అన్నాడు టక్కున. "ఎంత స్కోరు?" చెప్పాడు. "ఇగ పోనీయ్ పెద్దమ్మా!" అని గింజుకున్నాడు. అయినా వదల్లేదు.

మా వాళ్ళు రెండు పాయింట్లతో ఓడిపోయారు. ఆ పిల్లవాడు నా సకినం ముట్టకుండా వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మను పిలిచి, రాత్రికి రెండు మూడుసార్లు లేపి చూడమని చెప్పి, సకినాలు ఆమె కొంగులో కట్టి పంపాను.