కార్ట్‌మన్ ఊళ్లో.. మా వరంగల్ వాడి ఆఖరి వీకెండ్

డెన్వర్‌లో దిగిన ఎవరికైనా రెండు అనుభవాలు గ్యారంటీ. ఒకటి, రెండంతస్తులు ఎక్కితే చాలు ఆయాసం. ఊరు సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తులో ఉంటుంది మరి. అంటే కరెక్టుగా ఒక మైలు. రెండోది, నారింజ రంగు జెర్సీలు. పెళ్లికెళ్లేవాళ్లు తప్ప అందరూ అవే వేసుకున్నట్టుంటుంది. వీపు మీద 7 ఉంటే జాన్ ఎల్వే అభిమాని, 18 ఉంటే పేటన్ మానింగ్ అభిమాని. ఇద్దరూ డెన్వర్ బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్‌లే.

నాకు ఈ పిచ్చి అంటించింది నా రూమ్మేట్. వాడిది వరంగల్, నాది ఒంగోలు. వాడి ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులు టైముంటుంది. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే సామాను సర్దాలి. 51 రోజులు ఇంటర్వ్యూలతోనే గడిచాయి. 52వ రోజు పొద్దున వాడే లేచి, ‘‘టికెట్ బుక్ చేసిన్రా.. సోమవారం ఫ్లైట్. ఈ రెండు రోజులు ఇంటర్వ్యూ మాట ఎత్తకు. సౌత్ పార్క్ పోదాం పా’’ అన్నాడు.

సౌత్ పార్క్ అంటే కార్టూనే కదా అనుకోకండి. నిజంగా ఆ పేరుతో ఒక లోయ ఉంది. 1997 ఆగస్టులో ఆ సీరియల్ మొదలుపెట్టిన ట్రే పార్కర్, మాట్ స్టోన్ ఇద్దరూ కొలరాడోలో పెరిగినవాళ్లే. డెన్వర్ నుంచి 285 హైవే పట్టుకుంటే దారిలో కానిఫర్ వస్తుంది. పార్కర్ పెరిగింది అక్కడే. ఇంకా పైకెళ్తే కెనోషా పాస్, 10,000 అడుగులు. సెప్టెంబరు ఆఖర్లో అక్కడ ఆస్పెన్ చెట్లు పచ్చగా బంగారంలా మారిపోతాయి. ఆ ఆకులు చూడ్డానికొచ్చిన కార్లు రోడ్డుకి రెండువైపులా బారులు తీరి ఉన్నాయి, మన దగ్గర జాతరకి బండ్లు ఆపినట్టు.

ఆ మలుపు తిరగ్గానే కింద లోయ ఒక్కసారిగా పరుచుకుంటుంది. చుట్టూ కొండలు, మధ్యలో పసుపు గడ్డి, మనిషి జాడ లేని మైదానం. కార్టూన్‌లో బస్టాపు వెనక కనిపించే కొండలు గుర్తొచ్చి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఫోన్లో చూసినప్పుడు అదంతా కత్తిరించి అతికించిన కాగితం. నిజానికి మొదటి ఎపిసోడ్ చేసింది కూడా కాగితం ముక్కలతోనే.

ఫెయిర్‌ప్లే అనే ఊరు ఆ లోయకి ముఖ్యపట్టణం. ముఖ్యపట్టణం అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. మా మేనమామ వాళ్ల ఊరి సెంటర్ దానికంటే రద్దీగా ఉంటుంది. పాతకాలపు గనుల ఊరిని అలాగే నిలబెట్టిన మ్యూజియం ఒకటుంది, పేరు సౌత్ పార్క్ సిటీ. చెక్క మేడలు, మందుల షాపు, బడి. అన్నీ చూసేశాక బయట బెంచీ మీద మా అసలు పంచాయితీ మొదలైంది. సౌత్ పార్కా, సింప్సన్సా?

నా ఓటు సింప్సన్స్‌కే. దానికి నా దగ్గర బ్రాంకోస్ సాక్ష్యం కూడా ఉంది. 1996లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో హోమర్‌కి కొత్త బాస్ దొరుకుతాడు. పైకి మహా మంచివాడు, లోపల ప్రపంచాన్ని బెదిరించే విలన్. హోమర్ కల డాలస్ కౌబాయ్స్ టీముకి ఓనర్ కావడం. బాస్ గిఫ్టుగా డెన్వర్ బ్రాంకోస్‌ని పంపిస్తాడు. ఇంటిముందు గడ్డిలో వాళ్లు ఆడుతుంటే హోమర్ మొహం వేలాడేసుకుంటాడు. ఆ జోక్ అర్థం కావాలంటే అప్పటి ఎల్వే కష్టాలు తెలియాలి. మూడు సూపర్‌బౌల్‌లు ఆడి మూడూ ఓడిపోయాడు. ఒకదాంట్లో 55-10. ఆ జోక్ వచ్చిన ఏడాదిన్నర లోపే, 37 ఏళ్ల వయసులో కప్పు కొట్టాడు. మరుసటి ఏడాది ఇంకోటి కొట్టి రిటైరయ్యాడు. ఏదైనా కార్టూన్‌కి ఇంతకంటే గట్టి జవాబు ఇచ్చిన ఆటగాడు నాకైతే తెలీదు.

మావాడు ఒప్పుకోలేదు. ‘‘సింప్సన్స్ ఊరు యాడుంది చెప్పు? యాడా లేదు. గిది చూడు, కాళ్ల కిందున్నది’’ అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. పైగా సౌత్ పార్క్ వాళ్లు ఒక ఎపిసోడ్‌ని ఆరు రోజుల్లో చేసేస్తారు. సోమవారం వార్త బుధవారానికి జోక్ అయిపోతుంది. కార్ట్‌మన్ తండ్రి ఎవరన్న సస్పెన్సులో అనుమానితుల లిస్టులో 1989 బ్రాంకోస్ టీము మొత్తాన్నీ పెట్టారంటే వాళ్ల ఊరి అభిమానం ఏ రేంజో చూడండి!

రాత్రికి లేక్‌వుడ్‌లోని కాసా బొనీటాకి వెళ్లాం. గులాబీ రంగు గోపురం ఉన్న మెక్సికన్ హోటల్. లోపల 30 అడుగుల జలపాతం, అందులోకి దూకే డైవర్లు. 2003 ఎపిసోడ్‌లో కార్ట్‌మన్ ఇక్కడికి రావడం కోసమే స్నేహితుడిని మోసం చేసి దాచేస్తాడు. కరోనా టైములో మూతపడితే పార్కర్, స్టోన్ కలిసి కొనేసి, 2023లో మళ్లీ తెరిచారు. బల్ల మీద చిన్న జెండా ఉంటుంది. అది ఎత్తితే వేడివేడి సోపాపిల్లాలు తెస్తారు. తేనె పోసుకుని తినే పూరీలు అనుకోండి. మావాడు జెండా దించనేలేదు. నాలుగో ప్లేటు దగ్గర, ‘‘అమ్మకి ఇంకా చెప్పలేదురా’’ అన్నాడు. డైవర్ దూకాడు, అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

ఆదివారం మ్యాచ్. టికెట్ ధరలు చూసి ఫోన్ పక్కన పెట్టేశాం. సౌత్ ప్లాట్ నది ఒడ్డున సైకిళ్ల దారి ఉంది, అక్కణ్ణుంచి స్టేడియం కనిపిస్తుంది. 76,000 మంది పట్టే గిన్నె అది. పైన తెల్ల గుర్రం బొమ్మ. అవతలి టీము విసిరిన పాస్ నేలపాలైతే చాలు, జనమంతా ఒకే గొంతుతో ‘ఇన్‌కంప్లీట్’ అని అరుస్తారు. నది దగ్గరికి కూడా వినిపిస్తుంది. ఆట చూడకుండానే స్కోరు ఊహించుకుంటూ కూర్చున్నాం.

నా క్వార్టర్‌బ్యాక్ మానింగే. మెడకి ఆపరేషన్లయి, పాత టీము వదిలేస్తే డెన్వర్ వచ్చి, 2013 సీజన్లో 55 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. అదింకా రికార్డే. కానీ నిజం చెప్పాలంటే, వాడు ఇక్కడ కప్పు గెలిచిన సీజన్లో విసిరింది 9 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్లు. గెలిపించింది డిఫెన్స్. ఈ మాట 18 నంబరు జెర్సీ వేసుకున్నవాళ్ల ముందు అనకండి.

మావాడి హీరో ఎల్వే కాదు, మానింగ్ కాదు. కెండల్ హింటన్. 2020 నవంబరులో కరోనా నిబంధనల వల్ల బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్‌లు అందరూ ఒకేసారి ఆటకి దూరమయ్యారు. హింటన్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో రిసీవర్. కాలేజీలో ఎప్పుడో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడని గుర్తుచేసుకుని, శనివారం పిలిచి ఆదివారం ఆడమన్నారు. ఎదురుగా న్యూ ఓర్లీన్స్ సెయింట్స్. 9 పాస్‌లు వేస్తే 1 అందింది. మొత్తం 13 గజాలు. 31-3తో ఓటమి.

‘‘అది మెచ్చుకునే ఆటెట్లయితదిరా?’’ అని వాడి యాసలోనే అడిగాను.

‘‘ఒక్కటి అందిందిగా’’ అన్నాడు. ఆరోజు హింటన్ చేతికి కట్టుకున్న రిస్ట్‌బ్యాండుని హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారట. మావాడు ఆ విషయం చెప్పడం నేను వినడం అప్పటికి పదోసారి. ఈసారి మాత్రం మధ్యలో ఆపలేదు.

చీకటి పడ్డాక అక్కడే, నది ఒడ్డునే, వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. వరంగల్‌లో అప్పుడు తెల్లారుతోంది. నేను నాలుగడుగులు దూరంగా వెళ్లి నిలబడ్డాను. ఏం మాట్లాడాడో వినలేదు. చివర్లో మాత్రం ‘‘బిర్యానీ వద్దమ్మా, పచ్చిపులుసు చాలు’’ అన్నది వినిపించింది.

సోమవారం ఎయిర్‌పోర్టు దారిలో 32 అడుగుల నీలి గుర్రం విగ్రహం ఉంటుంది. రాత్రిళ్లు దాని కళ్లు ఎర్రగా వెలుగుతాయి. తయారుచేస్తుండగా అందులో ఒక భాగం మీదపడి శిల్పే చనిపోయాడు. అందుకే జనం దానికి దయ్యం పేరు పెట్టుకున్నారు. మావాడు కారు అద్దం దించి దానికి సలాం కొట్టాడు. డ్రాప్ దగ్గర ఆపితే, రెండు సూట్‌కేసులు దించుకుని, వంటి మీదున్న 7 నంబరు జెర్సీ తీసి సీట్లో పడేశాడు.

‘‘ఆడ ఎండలకి ఇదెందుకురా. నువ్వుంచు’’ అన్నాడు.

‘‘నాది 18 పార్టీ రా మామా’’ అన్నాను.

‘‘అయితే ఉతికినంక వేస్కో’’ అని లోపలికెళ్లిపోయాడు.