జీతం లేని కోచ్

మాది తరాలుగా బెంగళూరే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఇక్కడ ఆస్టిన్ టౌన్, గౌతమపుర పిల్లలకి ఫుట్‌బాల్ ప్రాణం. గౌతమపురలో పెలే విగ్రహమే ఉంది.

మా అన్న కొడుకు హైస్కూల్ టీమ్‌కి కోచింగ్ ఇచ్చే ఆయన జీతం తీసుకోడు. ఆఫీసు అయ్యాక వస్తాడు, ఆదివారమైతే చర్చి నుంచి నేరుగా వస్తాడు. "ఇది దేవుడు నాకిచ్చిన పని" అంటాడు. దాంతో మా అవ్వకి అనుమానం: "పిల్లోణ్ణి మతంలో కలిపేస్తాడేమోరా?"

అవ్వ భయం ఊరికే వచ్చింది కాదు. 1891లో శ్రీనగర్ మిషన్ స్కూల్లో టిండేల్ బిస్కో దొర ఫుట్‌బాల్ తెచ్చాడు. తోలు బంతి మైల అని బ్రాహ్మణ పిల్లలు ముట్టమన్నారు. ఆయన బలవంతంగా ఆడించాడు.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, తప్పులు వెతకడం. అందుకే వారం వారం గ్రౌండ్‌కి వెళ్లి చూశాం. మ్యాచ్ ముందర ఒక్క నిమిషం మౌనం. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోవచ్చు, ఊరికే నిలబడనూ వచ్చు. బూట్లు లేని పిల్లాడికి పాత జత వెతికి తెస్తాడు. ఓడిన రోజు గోల్‌కీపర్ పక్కన కూర్చుంటాడు.

అవ్వకి 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి చెప్పాం. కోచ్ మన హైదరాబాద్ స్కూల్ టీచర్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, కెప్టెన్ చునీ గోస్వామి, ఫైనల్‌లో గోల్ కాసింది పీటర్ తంగరాజ్, ఒక గోల్ కొట్టింది జర్నైల్ సింగ్. దక్షిణ కొరియాపై 2-1, బంగారు పతకం.

అవ్వ విని, "అయితే ఆయనకి కాఫీ అయినా ఇస్తున్నారా?" అంది.