రోగి చెంత పాఠము

వైద్యునికి వాడుకలోనున్న 'డాక్టరు' అను మాట, లాటిను భాషలో 'బోధించు' అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. ఈ సంగతి చిన్ననాడే చదివితిని. కాని దాని భావము నాకు తెలిసివచ్చినది మాత్రము వానకాలము చివర ఒక ఉదయమున, ఒక ప్రభుత్వ వైద్యశాలలో.

అప్పుడు నేను ఎం.బి.బి.ఎస్. ముగించి ఎం.డి. చదువుచుంటిని. ఆ మూడేండ్లలో యువవైద్యుని స్థితి విచిత్రమైనది. అతడు ఆచార్యులకు శిష్యుడు, రోగులకు వైద్యుడు, తనకంటె చిన్నవారైన విద్యార్థులకు గురువు. ఉన్న 24 గంటలే ఈ మూడు పనులకును చాలవలెను.

ముందటి రాత్రి నాకు నిద్ర లేదు. వార్డు జ్వరరోగులతో నిండియుండెను. రక్తపరీక్షల ఫలితములు చూడవలెను, మందులు వ్రాయవలెను, ఆచార్యులు వచ్చులోపల వివరములు సిద్ధపరుపవలెను. ఇంతలో తెల్లకోటులు ధరించిన ఆరుగురు విద్యార్థులు వచ్చి నిలిచిరి. "నేడు పాఠము లేదు" అను మాట నోటిదాక వచ్చినది. కాని కొన్నియేండ్ల క్రిందట నేనును అట్లే ఒకరి వెనుక నిలిచియుంటినని జ్ఞప్తికి వచ్చి, మానితిని.

వారిని ఒక వృద్ధుని మంచముకడకు తోడ్కొనిపోతిని. ఆయన రైతు. వారము దినములుగా జ్వరము తగ్గలేదు. రాత్రి ఆయనను పరీక్షించినవాడను నేనే.

"తాతా, ఈ పిల్లలు నిన్ను పరీక్షించి నేర్చుకుంటారు. నీకు ఇష్టమేనా?" అని అడిగితిని.

"కానియ్యి బాబూ! నావల్ల నలుగురు నేర్చుకుంటే మంచిదే గదా" అని ఆయన నీరసముగా నవ్వెను.

జ్వరరోగిని తలనుండి పాదములవరకు చూడవలెనని చెప్పితిని. "చంకలు కూడ చూడాలా సార్?" అని ఒక విద్యార్థిని అడిగెను. చూడుమంటిని. ఆమె వృద్ధుని చేయి మెల్లగా పైకెత్తగా, అచట కాలినమచ్చవంటి నల్లని పక్కు కనబడెను. నా గుండె ఝల్లుమనెను. రాత్రి తొందరలో ఆ తావును నేను చూడనే లేదు!

అది 'స్క్రబ్ టైఫస్' అను జ్వరపు గుర్తు. పొదలలో, గడ్డిలో ఉండు కంటికి ఆననంత సన్నని పురుగుపిల్లలు కుట్టుటచే ఈ వ్యాధి సోకును. కుట్టినచోట నొప్పి ఉండదు కావున రోగి ఎరుగడు. తగిన మందు సకాలమున ఇచ్చినచో త్వరగా తగ్గును. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు దెబ్బతిని ప్రాణాపాయమగును. ఆచార్యులకు నా పొరపాటు దాచక చెప్పితిని. వెంటనే మందు మొదలిడిరి. మూడవనాటికి జ్వరము విడిచెను.

1893లో అమెరికాయందు జాన్స్ హాప్కిన్స్ వైద్యవిద్యాలయము ప్రారంభమైనప్పుడు, విలియం ఆస్లర్ అను వైద్యాచార్యుడు విద్యార్థులను ఉపన్యాసశాలనుండి రోగుల చెంతకు నడిపించెను. దానివలన విద్యార్థులకు మేలు కలుగునని మాత్రమే నేను తలంచియుంటిని. రోగికిని, బోధించువానికిని కూడ మేలేయని ఆనాడు తెలిసికొంటిని. రోగికి ప్రాణము మీదికి వచ్చినప్పుడు పాఠము ఆగవలసినదే. తక్కినవేళల, ఇతరులకు చెప్పుటకై నిదానించినవాడు తాను విడిచిన మెట్టును మరల చూడగలడు.

ఇంటికి వెళ్లునాడు వృద్ధుడు నన్ను పిలిచి, "ఆ పాపను బాగా చదువుకోమని చెప్పు బాబూ" అనెను. ఆ మాట నాకును చెల్లునని తలవంచితిని.